వాల్తేరు గణితాచార్యులు మీనాక్షిసుందరం

శ్రీ సుబ్బరామయ్య మీనాక్షిసుందరం 1913వ సంవత్సరమున త్రిచూరునందు జన్మించిరి. పుట్టినది కేరళమైనను, ఆయన విద్యాతపస్సునకు నెలవైనది తెలుగునేల. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపన్యాసకులై, పిదప ఆచార్యులై ఆయన పేరొందిరి.

మదరాసు లయోలా కళాశాలయందు చదువు ముగించి ఆయన ఆనందరావుగారి కడ పరిశోధన కుపక్రమించిరి. ఆనందరావుగారు రామానుజులున్న కాలముననే కేంబ్రిడ్జికేగి, హార్డీ పండితుని సాన్నిధ్యమున గణితమును నేర్చినవారు. సంఖ్యల మర్మములను అనంతశ్రేణుల మూలమున శోధించు విద్య ఇట్లు గురువునుండి శిష్యునకు సంక్రమించెను. అటుపై హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన రజియుద్దీన్ సిద్దీఖీ ఉపన్యాసములు ఆయన దృష్టిని వేడిమి వ్యాపించు తీరును వర్ణించు సమీకరణముల వైపునకు మరలించెను. ఈ రెండు ధారలును ఆయన బుద్ధియందు ఒక్కటి కావలసియుండెను.

డాక్టరు పట్టము లభించినది గాని కొలువు లభింపలేదు. మహావిద్వాంసుడు కాదగినవాడు పరీక్షలకు చదువు విద్యార్థులకు పాఠములు చెప్పి పొట్టపోసికొనవలసి వచ్చెను. అయినను ఆయన పరిశోధనను విడువలేదు. ఆ ప్రతిభను గుర్తించిన ఫ్రెంచి దేశీయుడు, క్రైస్తవ మతాచార్యుడు నగు ఫాదర్ రసీన్ పూనికవలన ఆయనకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున స్థానము దొరకెను. 1946లో అమెరికాయందలి ప్రిన్‌స్టన్ ఉన్నత విద్యాసంస్థ ఆయనను ఆహ్వానించెను. 1948 వరకు నచ్చట గడపిన ఆ రెండేండ్లే ఆయన జీవితమున ఫలించిన కాలము.

1859లో రీమాన్ అను జర్మను పండితుడు ఒక మహారహస్యమును తెలిపియుండెను. 1, 2, 3 మొదలగు సంఖ్యలను ఏదేని ఘాతమునకు హెచ్చించి, వాని విలోమములనన్నిటిని కూడగా వచ్చునది జీటా ప్రమేయము. ప్రధాన సంఖ్యలు ఏ క్రమమున వ్యాపించియున్నవో ఆ ప్రమేయమునందే నిగూఢమై యున్నది. మీనాక్షిసుందరం ఆ సంఖ్యలకు మారుగా, వంపుగల ఒక తలము కంపించునప్పుడు పుట్టు స్వరముల పౌనఃపున్య వర్గములను గైకొనిరి. ఆ తలమునకు బదులు వృత్తమును గైకొన్నచో మరల రీమాన్ జీటాయే లభించును. వేరు తలములను గైకొన్నచో ఒక్కొక్కదానికి ఒక్కొక్క జీటా యేర్పడును.

ఆ జీటా స్వభావమును తెలిసికొనుటెట్లు? ఇచ్చటనే ఆయన నేర్చిన రెండవ విద్య అక్కఱకు వచ్చెను. తలముపై ఒక బిందువున నుంచిన వేడిమి తొలి క్షణములయందు వ్యాపించు తీరును ఒక శ్రేణిగా వ్రాయవచ్చును. అందలి మొదటి పదము తలముయొక్క పరిమాణమును, తరువాతివి దాని వంపును దెలుపును. ఆ పదములే జీటా ప్రమేయముయొక్క ముఖ్య లక్షణములను నిర్ణయించును. స్వీడన్ దేశీయుడగు ప్లెయెల్‌తో కూడి ఆయన ఈ విషయమును నిరూపించి, 1949లో కెనడా గణితపత్రిక మొదటి సంపుటమున ప్రకటించిరి. మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్‌తో కలిసి వ్రాసిన ‘టిపికల్ మీన్స్’ అను గ్రంథము 1952లో వెలువడెను. అందు చర్చింపబడినది సంఖ్యాశాస్త్రమునకు మిగుల నుపకరించు శ్రేణుల సంకలన విధానము.

స్వదేశమునకు మరలివచ్చి ఆయన వాల్తేరుననే ఆచార్యులుగా బోధన సాగించిరి. 1968లో, షష్టిపూర్తి కాకమునుపే, పరమపదించిరి.

ఆయన నాటిన విత్తు మహావృక్షమైనది ఆయన కనుమూసిన పిదపనే. 1973లో అతియా, బాట్ అను విదేశీయులును, మన దేశీయుడగు పటోడీయు ఈ ఉష్ణమార్గముననే నడచి, క్షేత్రగణితమునకు తలమానికమగు సూచికా సిద్ధాంతమునకు నూతన నిరూపణము నొసగిరి. 1977లో హాకింగ్ ఇట్టి జీటా ప్రమేయములనే భౌతికశాస్త్రమున వినియోగించెను. నేడు ఆ శ్రేణియు, ఆ ప్రమేయమును మీనాక్షిసుందరం–ప్లెయెల్ పేరులతోనే దేశదేశములయందు వ్యవహరింపబడుచున్నవి.

కూటికై పాఠములు చెప్పుకొన్న దినములయందు ఈ భవిష్యత్తును ఆయన యెరుగరు. అయినను శోధన మానలేదు. పంట మనకు దక్కునో లేదో యెంచక, చేయదగిన పనిని చక్కగా చేయుటయే ఆయన జీవితము మనకొసగు పాఠము.