పరిచారిక పాత్రధారిణి హ్యాటీ మెక్‌డేనియల్

చలనచిత్రము చూచి వచ్చిన ప్రేక్షకునకు నాయికా నాయకుల పేర్లు జ్ఞాపకముండును. దాది, వంటమనిషి మొదలగు చిన్న పాత్రలు ధరించినవారి పేర్లు సాధారణముగా జ్ఞాపకముండవు. అట్టి పాత్రలతోనే జీవితము గడపి, చరిత్రలో స్థానము సంపాదించిన నటీమణి హ్యాటీ మెక్‌డేనియల్.

ఆమె 19వ శతాబ్ది చివరి దశకమున అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమునందలి విచిటా నగరమున జన్మించెను. తండ్రి హెన్రీ బానిసగా పుట్టి, అంతర్యుద్ధమున ఉత్తరాది సైన్యమున చేరి పోరాడినవాడు. తల్లి సుసాన్ భక్తిగీతములు పాడుచుండెడిది. ఆ పేద యింటి కడగొట్టు బిడ్డ హ్యాటీ. డెన్వరు నగరమున పెరిగి, సంచార ప్రదర్శనములలో పాటలు పాడి పేరు తెచ్చుకొనెను. 1929 నాటి ఆర్థిక సంక్షోభముతో ఆ జీవనము దెబ్బతినగా, మిల్వాకీ నగరమున ఒక విలాసశాలలో స్త్రీల స్నానపు గదుల కడ పరిచారికగా కుదిరెను. పిమ్మట అచటనే గాయని యయ్యెను. 1931లో లాస్ ఏంజిలిస్ చేరి, వేషములు దొరకని దినములలో ఇండ్లలో పనిచేసి పొట్టపోసికొనెను.

ఆనాటి హాలీవుడ్ నల్లజాతి స్త్రీలకు దాసీ పాత్రలు తప్ప తక్కినవి యిచ్చుట మిక్కిలి అరుదు. హ్యాటీ ఆ యిరుకులోనే తన ప్రతిభను చూపెను. 1935లో వచ్చిన ‘ఆలిస్ ఆడమ్స్’ చిత్రమున, లేని గొప్పలకు పోయిన యొక కుటుంబము విందుకొరకు కుదుర్చుకొన్న పనిమనిషిగా, నిర్లక్ష్యముగా వడ్డించుచు, ఎక్కువ మాటలు లేకయే ఆ డాబును బయటపెట్టెను. 1939 నాటి ‘గాన్ విత్ ది విండ్’ చిత్రమున మామీ పాత్ర ఆమెకు శాశ్వత కీర్తి తెచ్చెను. పసిబిడ్డ మరణముతో ఆ యింట కమ్ముకొన్న దుఃఖమును, మెట్లెక్కుచు మెలనీకి చెప్పు ఘట్టమున ఆమె నటన అనన్యము.

కాని ఆ డిసెంబరున అట్లాంటా నగరమున జరిగిన ప్రథమ ప్రదర్శనమున ఆమె లేదు. జాతివివక్ష రాజ్యమేలుచున్న జార్జియాలో తెల్లవారి సరసన ఆమెకు ఆసనము లేదు. 1940 ఫిబ్రవరి 29న ఉత్తమ సహాయనటిగా ఆస్కారు బహుమతి పొంది, ఆ గౌరవమందిన తొలి నల్లజాతి వ్యక్తి యయ్యెను. ఆ రాత్రి సయితము ఆమెను సహనటుల నడుమ గాక, గోడ ప్రక్కనున్న వేరు బల్లకడ కూర్చుండబెట్టిరి.

స్వజాతి నాయకులును ఆమెను విమర్శించిరి. దాసీ పాత్రలు జాతికి అవమానమని వాల్టర్ వైట్ ప్రభృతుల వాదము. పాత్రను నిరాకరించినచో తనకు మిగులునది నిజమైన దాసీపనియే యని ఆమె సమాధానము. ఇరువురి మాటలోను సత్యము కలదు. తప్పు ఆ రెండింటి నడుమ ఆమెను నిలిపిన వ్యవస్థది. అయినను ఆమె అణగియుండలేదు. నల్లవారు తమ పేటలో నివసింపరాదని తెల్లవారు వ్యాజ్యము వేయగా, ఇరుగుపొరుగు వారిని కూడగట్టి పోరాడి 1945లో గెలిచెను.

1952 అక్టోబరు 26న క్యాన్సరు వ్యాధితో ఆమె మరణించెను. కోరుకొన్న హాలీవుడ్ శ్మశానవాటికలో చోటు నిరాకరింపబడెను. 1999లో గాని అచట స్మారకశిల వెలయలేదు. హోవర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన ఆస్కారు ఫలకము కనబడకపోగా, 2023లో అకాడమీ మరియొకటి సమర్పించెను. శిలను, ఫలకమును మరల నిలుపవచ్చును. ఆ ప్రతిభకు దక్కకుండ పోయిన పాత్రలను తిరిగి యిచ్చుట మాత్రము ఎవరి తరమును కాదు.