వెరా మెంచిక్

చదరంగం మేధావుల ఆట అనీ, మేధ పురుషుల సొత్తనీ లోకం నమ్మిన దినాలలో ఆ బల్ల ముందు నిర్భయంగా కూర్చున్న వనిత వెరా మెంచిక్.

ఈమె 1906లో మాస్కో నగరంలో జన్మించింది. తండ్రి చెక్ జాతీయుడు. తల్లి ఆంగ్ల వనిత. రష్యా విప్లవానంతరం 1921లో తల్లితో, చెల్లెలితో ఇంగ్లండు చేరింది. ఆంగ్లం అంతగా రాని ఆ బాలికకు మాటలతో పనిలేని చదరంగమే నేస్తమైంది. హంగరీ దేశపు ప్రసిద్ధ క్రీడాకారుడు గేజా మరోట్సీ వద్ద శిక్షణ పొంది, 1927లో లండనులో ప్రపంచ ప్రథమ మహిళా విజేత అయింది.

1929లో కార్ల్స్‌బాద్ పోటీలో ఆడిన 22 మందిలో ఆమె ఒక్కతే స్త్రీ. ఆమె చేతిలో ఓడినవారితో ఒక సంఘం స్థాపించాలని ఆల్బర్ట్ బెకర్ పరిహసించాడు. తొలి సభ్యుడు తానే అయ్యాడు! ఆ పోటీలో ఆమెకు దక్కినది కడపటి స్థానమే. అయినా ఆట విడువలేదు. పిమ్మట ప్రపంచ విజేత అయిన మాక్స్ యూవే సైతం ఆమె చేతిలో రెండుసార్లు ఓడినాడు.

1939లో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిరిస్ నగరంలో 19 ఆటలలో 17 గెలిచి, 2 సమం చేసి కిరీటం నిలుపుకొన్నది. ఆ దినాలలోనే ఐరోపాలో యుద్ధం రగిలింది. 1944 జూన్‌లో జర్మనులు ప్రయోగించిన ఎగిరే బాంబు లండనులోని ఆమె ఇంటిపై పడి, తల్లినీ చెల్లెలినీ ఆమెనూ ఒక్కసారే బలిగొన్నది.

మహిళల చదరంగ ఒలింపియాడ్ విజేతలకిచ్చే కప్పు ఆమె పేరిటిదే. 2024లో బుడాపెస్ట్‌లో దానిని గెలిచిన భారత జట్టులో మన గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక ఉన్నది. నేడు కృష్ణ ఒడ్డున ముక్త్యాల బడిలో ఒక బాలిక పావు కదిపితే నవ్వేవారుండరు. ఆ నవ్వులను ఆమెకు బదులుగా ఏనాడో భరించినది వెరా.