పత్తికొండలో ఆగిన మన్రో

మారండహళ్ళి చుట్టుపక్కల తెలుగు చదివే మన పిల్లలకు థామస్ మన్రో కథ రెండు విధాల సొంతం. ఆయన పనిలో ఓనమాలు దిద్దుకున్నది మన సీమలో. ప్రాణం విడిచింది తెలుగునాట.

గ్లాస్గోలో 1761లో పుట్టిన మన్రో పద్దెనిమిదేళ్ళకే కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1792లో టిప్పు సుల్తాను బారామహల్‌ను వదులుకున్నాక, రీడ్ దొర కింద భూమి శిస్తు లెక్కలు చూడడానికి ఈ ప్రాంతానికి వచ్చి 1799 దాకా ఉన్నాడు. ధర్మపురిలో ముచ్చటపడి తోట పెంచుకున్నాడు. రైతు పొలం గట్టు దగ్గరికే వెళ్ళి మాట్లాడే అలవాటు ఆయనకు ఇక్కడే అబ్బిందని మా అభిప్రాయం. తర్వాత దత్తమండలాల కలెక్టరయ్యాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు.

1827 నాటికి స్వదేశం వెళ్ళడానికి సిద్ధమయ్యాడు. జబ్బుపడ్డ బిడ్డను తీసుకుని భార్య ముందే వెళ్ళింది. పోయేముందు దత్తమండలాలను ఒక్కసారి చూసి రావాలని బయలుదేరాడు. ఆ వైపు కలరా ఉంది. వెంట వచ్చిన సిపాయిలు కొందరు దారిలోనే చనిపోయారు. జూలై 6 ఉదయం పత్తికొండ చేరాడు. ఆ రోజే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రికి కన్నుమూశాడు. రాజధానినేలే గవర్నరుకే దిక్కులేకపోతే సిపాయిల సంగతి చెప్పాలా!

అప్పటికి కలరా నీటి వెంట వస్తుందని ఎవరికీ రూఢిగా తెలియదు. లండన్‌లో జాన్ స్నో దాన్ని వీధి పంపు దగ్గర చూపింది 1854లో. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు రోగుల బంధువుల చేతనే తాగించాడు. చావులు బాగా తగ్గాయి.

ఆసుపత్రి దూరమైన పల్లెలో ఇది అమ్మలకూ అయ్యవార్లకూ చేతనైన పని. బడి బీరువాలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచాలి. లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కొద్దికొద్దిగా తాగిస్తూనే బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మన్రో పోయిన చోట ప్రభుత్వం చెట్లు నాటించి, మెట్ల బావి కట్టించింది. దాహం తీర్చాలన్న మంచి తలపే. కాని మెట్లు దిగి కాళ్ళు ముంచిన నీళ్ళే కడవల్లో ఇళ్ళకు చేరతాయని అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.