స్ట్రూవే రెండు లెక్కలు

పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి పక్కనే ఉండే వసిష్ఠుడు మన కంటికి ఒకే చుక్క. టెలిస్కోపులో చూస్తే రెండు. ఇలాంటి జంట నక్షత్రాలను వేల సంఖ్యలో వెతికి జాబితా కట్టిన మహానుభావుడు విల్హెల్మ్ స్ట్రూవే.

ఆయన 1793లో, నేటి హాంబర్గ్ నగరంలో భాగమైన ఆల్టోనాలో, ఒక హెడ్మాస్టరు గారి ఇంట పుట్టారు. పదిహేనేళ్ల వయసులో నెపోలియన్ సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో ఊరు విడిచి, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్ చేరారు. నేటి ఎస్టోనియాలోని టార్టు అదే. మొదట చదివింది భాషాశాస్త్రం. మనసు మాత్రం ఆకాశం మీదికి మళ్లింది.

1824లో మ్యూనిక్ నుంచి ఫ్రౌన్‌హోఫర్ తయారుచేసిన టెలిస్కోపు అక్కడికి వచ్చింది. కటకం వెడల్పు సుమారు 24 సెంటీమీటర్లు, గొట్టం పొడవు 4 మీటర్ల పైమాటే. కటకాల టెలిస్కోపుల్లో అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. భూమి తిరుగుతున్నా చుక్క పక్కకు జారిపోకుండా, బరువుతో నడిచే గడియారపు యంత్రం గొట్టాన్ని దాని వెంటే తిప్పేది. ఇంజనీరుగా నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ ఏర్పాటే. దానితో రెండేళ్లలో సుమారు 1,20,000 నక్షత్రాలను పరిశీలించి, 3,112 జంటలతో 1827లో జాబితా అచ్చువేశారు.

కొన్ని జంటలు నిజంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. కొన్ని మన చూపుకు ఒకే వరుసలో పడతాయి, అంతే. అభిజిత్ నక్షత్రం, దాని పక్కనున్న మసక చుక్క రెండో రకం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు, దూరాన ఉన్న ఆ చుక్కతో పోలిస్తే అభిజిత్ ఎంత జరిగినట్టు కనిపిస్తుందో కొలిస్తే దాని దూరం తెలుస్తుంది. 1837లో, 17 కొలతలతో స్ట్రూవే చెప్పిన విలువ ఆర్క్ సెకనులో ఎనిమిదో వంతు. నేటి విలువకు చాలా దగ్గర! కానీ 1840లో, 96 కొలతలు చేశాక, దాన్ని రెండింతలు చేశారు. ఈలోగా 1838లో బెసెల్ మరో నక్షత్రం దూరాన్ని ప్రకటించారు. తొలి ఘనత ఆయనకే దక్కింది.

స్ట్రూవే ఆ తర్వాత పుల్కోవో వేధశాలను నడిపి, 1864లో కన్నుమూశారు.

బడిలో ప్రాక్టికల్ రోజున పుస్తకంలోని జవాబే రావాలని రికార్డులో రీడింగులు చెరిపి దిద్దినవాళ్లలో నేనూ ఒకణ్ణి. స్ట్రూవే ఏ లెక్కనూ దాచలేదు. రెండూ అచ్చులో ఉన్నాయి కాబట్టే, మొదటిదే సరైనదని తర్వాతివాళ్లు చెప్పగలిగారు.