నీడ లేనివారికి ఇల్లు చూపిన సిస్టర్ సుబ్బలక్ష్మి

మన వ్యాపార కుటుంబములలో దానధర్మములకు కొదువ లేదు. సత్రము కట్టించుట, చలివేంద్రము పెట్టించుట, అన్నదానము చేయుట మన పెద్దలు మనకు అప్పగించి పోయిన మర్యాదలు. అయితే ఆకలిగొన్నవానికి ఒక పూట అన్నము పెట్టుట వేరు. నిలువ నీడ లేని మనిషికి ఇల్లు చూపి, తన కాళ్లపై తాను నిలుచునంతవరకు వెంట నుండుట వేరు. మొదటిది ధనముతో అగును. రెండవదానికి ధనముతో పాటు ఓర్పును, లెక్కయు, ఇరుగుపొరుగువారి సమ్మతియు కావలెను. ఈ రెండవ పనిని నూరేండ్లకు పూర్వమే మన చెన్నపట్టణములో చేసి చూపిన మహనీయురాలు ఆర్. ఎస్. సుబ్బలక్ష్మి.

ఆమె 1886వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మైలాపూరులో ఒక తమిళ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి పేరు సుబ్రహ్మణ్య అయ్యరు. ఆనాటి ఆచారము ప్రకారము పదునొకండవ యేటనే ఆమెకు వివాహము జరిగెను. కొలది కాలమునకే భర్త మరణించెను. కాపురము ఎరుగని పిల్ల వితంతువయ్యెను. అయినను ఆ తండ్రి లోకులకు వెరవలేదు. బిడ్డకు శిరోముండనము చేయింపక, మూల కూర్చుండబెట్టక, చదువు చెప్పించెను. ఎగ్మూరులోని ప్రెజెంటేషన్ కాన్వెంటులో చదివి, పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1911లో ఆమె బి.ఏ. పట్టము పొందిరి. మద్రాసు రాజధానిలో పట్టభద్రురాలైన తొలి హిందూ వితంతువు ఆమెయే. క్రైస్తవ సన్యాసినులవలె సేవకే జీవితమును అంకితము చేసినందున ఊరివారు ఆమెను సిస్టర్ అని పిలువసాగిరి.

ఆ కాలపు బాల వితంతువుల స్థితి ఎట్టిదో నేటి పిల్లలకు తెలియదు. పైకప్పు ఉండెడిది గాని ఇల్లు ఉండెడిది కాదు. పుట్టింట నున్నను అత్తవారింట నున్నను జీతము లేని వంటమనిషివలె బ్రతుకవలసినదే. తల్లిదండ్రులు గతించినచో అన్నదమ్ముల దయ. ఉమ్మడి కుటుంబములో భర్త భాగము ఆమెకు రాదు, పోషణ మాత్రమే దక్కును. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టము వచ్చువరకు ఇదియే న్యాయము. అట్టి పిల్ల గడప దాటినచో పోవుటకు చోటు లేదు.

అప్పుడు బాలికా పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెస్‌గా నుండినవారు మిస్ క్రిస్టినా లించ్. ఆడపిల్లల బడులు పెరుగుచున్నవి గాని బోధించుటకు స్త్రీలు లేరు. ఒకవైపు ఉపాధ్యాయినులు కావలెను, మరియొకవైపు చదువు వచ్చినచో పని చేయగల వితంతువులు ఇండ్లలో మగ్గుచున్నారు. ఈ రెండు అవసరములను ఒకచోట కలుపవచ్చునని లించ్ దొరసానియు సుబ్బలక్ష్మియు కనిపెట్టిరి. బేరము తెలిసిన వారికి ఇందలి తెలివి వేరుగా చెప్పనక్కరలేదు. సర్కారు చదువు వేతనములిచ్చుటకు ఒప్పుకొనెను. 1912లో ఎగ్మూరులోని ఇంటిలో నలుగురు బాల వితంతువులతో శరణాలయము ప్రారంభమయ్యెను. శారదా లేడీస్ యూనియన్ అను స్త్రీల సంఘమును కూడ ఆ సంవత్సరమే ఆమె స్థాపించిరి. సంతానము లేని వితంతువైన పినతల్లి వాలాంబాళ్ ఇంటి పనియు వంట పనియు చేపట్టి ఆమెకు కుడిభుజమై నిలిచెను.

పిల్లల సంఖ్య పెరుగగా వచ్చిన పెద్ద చిక్కు ఇల్లు. ఎదురు వచ్చినచో అపశకునమని తలచు కాలమున, ఇంతమంది వితంతువులకు ఇల్లు బాడుగకిచ్చు యజమాని దొరకుట సులభమా? తుదకు తిరువల్లిక్కేణి సముద్రతీరమున ఒక విచిత్రమైన భవనము దొరకెను. దాని పేరు ఐస్ హౌస్. 1842లో అమెరికా నుండి ఓడలలో వచ్చు మంచుగడ్డలను నిలువ చేయుటకు ట్యూడరు కంపెనీవారు కట్టించిన గిడ్డంగి అది. యంత్రములతో మంచు చేయుట వచ్చిన పిమ్మట ఆ వ్యాపారము మూతపడెను. తరువాత బిళిగిరి అయ్యంగారు అను వకీలు దానిని కొని నివాసముగా మార్చిరి. 1897లో వివేకానందస్వామి అందు బస చేసిరి. 1917లో సర్కారు ఆ భవనమును కొని వితంతు శరణాలయమునకు ఇచ్చెను. సరకు నిలువ చేసిన చోట మనుషులు నిలదొక్కుకొనిరి.

ఆమె నిర్వహణలోని కిటుకు ఏమనగా, చోటు ఇచ్చుటతో పని ముగిసినదని ఆమె ఎన్నడును తలంపలేదు. తల్లిదండ్రులకు నమ్మకము కలుగుటకై వంటయింట ఆచారములను తప్పక పాటించిరి. పిల్లకు అక్షరము రానిచో మొదటి తరగతి నుండియే మొదలు. వచ్చినదానిని బట్టి పాఠశాల, ఉపాధ్యాయ శిక్షణ, శక్తి గలవారికి 1914లో తీరముననే వెలసిన క్వీన్ మేరీస్ కళాశాల. 1922లో లేడీ విల్లింగ్డన్ శిక్షణ కళాశాల ఏర్పడగా దానికి ఆమెయే తొలి ప్రిన్సిపాలు. లోనికి వచ్చునప్పుడు ఒకరి దయపై బ్రతికిన పిల్ల, వెలుపలికి పోవునప్పుడు నెల జీతము గల ఉపాధ్యాయిని. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించి సంసార ద్వారము తెరచిరి. సుబ్బలక్ష్మి ఉద్యోగ ద్వారము తెరచిరి. రెండును కావలసినవే.

అయితే ఈ శరణాలయమునకు హద్దులును ఉండెను. అందు బ్రాహ్మణ వితంతువులకే ప్రవేశము. పదునెనిమిదేండ్లు దాటినవారికి తావు లేదు. ఈ రెండవ లోపమును తీర్చుటకు ఆమె 1927లో శారదా విద్యాలయమును వయసు మీరినవారికి వసతితో సహా నెలకొల్పిరి. మొదటి లోపమును తీర్చినవారిలో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి ముఖ్యులు. దేవదాసి వృత్తి నుండి తప్పించుకొని వచ్చిన బాలికలకు ఏ వసతిగృహమును తలుపు తీయకపోగా, కులభేదము లేని ఔవై హోమును 1930 ప్రాంతమున ఆమె స్థాపించిరి. ఒకరు వదలిన చోటు నుండి మరియొకరు అందుకొనుటచే ఈ పట్టణమున ఈ పని సాగినది.

బాల్య వివాహ నిషేధమునకై 1929లో వచ్చిన శారదా చట్టమునకు సుబ్బలక్ష్మి గట్టిగా తోడ్పడిరి. ఉద్యోగ విరమణ తరువాతను విశ్రమింపలేదు. మైలాపూరులో స్త్రీలకు వయోజన విద్య తరగతులు నడిపిరి. ఆ కృషి నుండియే విద్యామందిర్ పాఠశాల పుట్టినది. 1952 నుండి 1956 వరకు మద్రాసు శాసన మండలిలో సభ్యురాలుగా నుండిరి. 1954లో తాంబరము దాపున మాడంబాక్కములో స్త్రీలకును పిల్లలకును సంక్షేమ కేంద్రము స్థాపించుటకు తోడ్పడిరి. 1920లో కైసర్-ఇ-హింద్ పతకము, 1958లో పద్మశ్రీ ఆమెకు లభించెను. 1969 డిసెంబరు 20వ తేదీన ఆమె పరమపదించిరి. ఐస్ హౌసుకు 1963లోనే వివేకానందర్ ఇల్లము అను పేరు వచ్చినది. 1997 నుండి అది రామకృష్ణ మఠమువారి ఆధీనమున నున్నది. బీచికి పోవు మనలో ఆ గుండ్రని మేడను చూడనివారు లేరు గాని, అందు ఎందరు పిల్లలు బ్రతుకు దిద్దుకొనిరో తలచువారు అరుదు.

కాలము మారినది, చిక్కు మారలేదు. నేడు మన వీధులలో తిరుగు నిరాశ్రయులలో మానసిక వ్యాధికి గురియై ఇల్లు విడిచిన స్త్రీలు ఉన్నారు. చెన్నైలో 1993లో స్థాపింపబడిన బేనియన్ సంస్థవారు అట్టివారికి చికిత్స చేసి, 2015 నుండి హోమ్ ఎగైన్ అను పద్ధతిలో నలుగురైదుగురిని కలిపి సాధారణ వీధులలోని ఇండ్లలో కాపురముంచి, తోడుగా సహాయకులను నియమించుచున్నారు. కొందరు వంట చేసుకొందురు, కొందరు పనికి పోవుదురు, పొరుగువారితో మాటలాడుదురు. ఆస్పత్రి గోడల నడుమ ఏండ్లకొలది ఉండుటకంటె ఇది మేలైన మార్గము. ఇక్కడను మొదటి మెట్టు ఇల్లు దొరకుటయే. నూరేండ్ల క్రిందట వితంతువు పేరు విని తలుపు మూసినట్లే, నేడు వీరి పూర్వ కథ విని తలుపు మూయు యజమానులు ఉందురు.

షావుకారుపేట మొదలు పురసవాక్కము వరకు మనలో అనేకులకు బాడుగకిచ్చు ఇండ్లు గలవు. అట్టి సంస్థవారు వచ్చి అడిగినప్పుడు ముందుగా భయపడుట తగదు. బాడుగ నెలనెల ఎవరు చెల్లింతురు, కష్టము వచ్చినచో పిలిచినంతనే వచ్చువారెవరు అని వ్యాపారులకు సహజమైన రెండు ప్రశ్నలు అడుగుదము. సరియైన సమాధానము వచ్చినచో ఇల్లు ఇత్తము. ఆనాడు చెన్నపట్టణమున సుబ్బలక్ష్మి వెదకినది అట్టి యజమానినే.