తిక్క చుక్కల్ని జట్టుకట్టిన జాయ్

బీరుట్‌లో పదేళ్లుగా చేస్తున్న కాలేజీ ఉద్యోగం. అక్కడి అబ్జర్వేటరీకి డైరెక్టర్ కూడా ఆయనే. అంతా బాగుందనుకుంటుండగా 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. అన్నీ వదిలేసి అమెరికా వచ్చేయాల్సి వచ్చింది. అప్పటికి ఆల్‌ఫ్రెడ్ హారిసన్ జాయ్ వయసు దాదాపు 32.

జాయ్ 1882లో ఇలినాయ్ రాష్ట్రం గ్రీన్‌విల్‌లో పుట్టారు. సొంతూరి కాలేజీలోనే డిగ్రీ, ఓబర్లిన్‌లో ఎం.ఏ. చేశారు. యుద్ధం వల్ల తిరిగొచ్చాక, 1915లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో చేరారు. ఇక్కడ డైరెక్టర్ కుర్చీ లేదు. రాత్రుళ్లు టెలిస్కోప్ దగ్గర కూర్చుని నక్షత్రాల వర్ణపటాలు తీయాలి, పగలు వాటిని కొలవాలి. చుక్క వెలుగును రంగులుగా విడగొట్టి ఫొటో ప్లేటు మీద పడేలా చేస్తే అందులో సన్నని గీతలు కనిపిస్తాయి. అక్కడ ఏ మూలకాలున్నాయి, ఎంత వేడి, ఆ చుక్క మనవైపు వస్తోందా దూరం పోతోందా అన్నది ఆ గీతల్ని బట్టే తెలుస్తుంది. మసక చుక్కయితే ఒక్క ప్లేటుకే గంటలు పడుతుంది. 1935లో సహచరులతో కలిసి ఆయన అచ్చువేసిన ఒక జాబితాలో 4,179 నక్షత్రాలున్నాయి. చూసేవాళ్లకు అదొక పట్టిక, అంతే! చేసినవాళ్లకు ఏళ్ల తరబడి నైట్ డ్యూటీ.

ఇక అసలు కథ. వృషభ రాశిలో టి టౌరీ అనే చుక్క ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ రస్సెల్ హైండ్ దాన్ని 1852లోనే గుర్తించారు. దాని వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. సెఫీడ్ రకం చుక్కలైతే గడియారంలా లెక్క ప్రకారం మారతాయి. దీనికి ఆ లెక్కే లేదు. దాని పక్కన మబ్బులా కనిపించిన నెబ్యులా కూడా కొన్నేళ్లకు కనబడకుండా పోయింది. ఇలాంటి తిక్క చుక్కలు తర్వాత ఇంకొన్ని దొరికాయి. దేనికదే ఒక వింతగా మిగిలిపోయింది.

జాయ్ వాటి గీతల్ని పక్కపక్కన పెట్టి చూశారు. 1945లో రాసిన పరిశోధన వ్యాసంలో అలాంటివి 11 చుక్కల్ని ఒక జట్టుగా చూపించారు. అన్నిటి వర్ణపటంలోనూ హైడ్రోజన్, కాల్షియం గీతలు నల్లగా కాక మెరుస్తూ ఉన్నాయి. సంపూర్ణ సూర్యగ్రహణం వేళ సూర్యుడి అంచున కనిపించే ఎర్రటి పొర వర్ణపటం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వెలుగు తేడా చూస్తే దాదాపు మూడు మాగ్నిట్యూడ్లు, అంటే సుమారు 16 రెట్లు. పైగా అన్నీ దుమ్ము మబ్బుల దగ్గరే ఉన్నాయి. ఆ జట్టుకు టి టౌరీ నక్షత్రాలని పేరు పెట్టారు. అప్పటికి ఆయన అరవై దాటేశారు.

ఇవి పిల్ల నక్షత్రాలని జాయ్ అనలేదు. దుమ్ముతో వీటికి ఏదో లింకుందన్నంతవరకే పట్టుకున్నారు. నా లెక్కలో అదేమీ లోటు కాదు. చేతిలో ఉన్న ప్లేట్లు అంతవరకే చెప్పాయి మరి. అవి కొత్తగా పుట్టినవని రెండేళ్లలోనే ఆర్మేనియా శాస్త్రవేత్త విక్టర్ అంబర్ట్‌సుమియాన్ వాదించారు. మన సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. వీటికి కొన్ని లక్షల నుంచి కోటి ఏళ్ల దాకా ఉంటుందంతే.

మరి ఆ మిణుకు ఎందుకు? పుట్టిన చుక్క చుట్టూ వాయువు, దుమ్ము కలిసి పళ్లెంలా తిరుగుతుంటాయి. ఆ పళ్లెంలోని దుమ్ము ముద్ద మనకూ చుక్కకూ మధ్య అడ్డొస్తే వెలుగు పడిపోతుంది. పళ్లెం నుంచి వాయువు చుక్క మీదికి రాలిపడిన చోట వేడెక్కి వెలుగు పెరుగుతుంది. రాలేది ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. దీనికితోడు చుక్క మీద పెద్ద పెద్ద నల్లమచ్చలుంటాయి, అది తిరిగేకొద్దీ అవీ కనబడుతూ పోతూ ఉంటాయి. ఇన్ని కలిసినప్పుడు లెక్క కుదరమంటే ఎలా కుదురుతుంది!

జాయ్ 1948లో రిటైరయ్యారు. ఖగోళశాస్త్రంలో పెద్ద గౌరవమైన బ్రూస్ మెడల్ 1950లో వచ్చింది. అయినా ప్లేట్లు వదల్లేదు. 70 దాటాక కూడా ఎస్‌ఎస్ సిగ్నీ అనే పేలుడు చుక్క నిజానికి జంట నక్షత్రమని తేల్చారు. 1973లో, 90 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆయన 11 చుక్కల్లో ఎక్స్‌జెడ్ టౌరీ ఒకటి. ఆకాశంలో దానికి ఆనుకున్నట్టే కనిపిస్తుంది హెచ్‌ఎల్ టౌరీ. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోప్ 2014లో దీన్ని ఫొటో తీసింది. చుక్క చుట్టూ దుమ్ము పళ్లెం, అందులో వలయాలు, వలయాల మధ్య ఖాళీలు, అన్నీ స్పష్టంగా కనిపించాయి.