ఇంజను విప్పి చదువుకున్న జి.డి. నాయుడు

మన సంచికలో నాయకుల జీవితాలు, కవుల జీవితాలు చాలాసార్లు వచ్చాయి. ఈసారి నేను ఒక మోటారు మెకానిక్ గురించి రాయదలిచాను. ఆయన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. మాతృభాష తెలుగే అయినా తమిళనాడులో తెలిసినంతగా ఆయన పేరు మన దగ్గర తెలియదు.

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. ప్రాథమిక తరగతుల్లోనే మానేసి పొలం దారి పట్టారు. ఇరవై ఏళ్ళు కూడా నిండని వయసులో ఒకనాడు ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద వెళ్తుండగా చూశారు. ఎద్దూ లేదు, గుర్రమూ లేదు, బండి పోతోంది. అది ఎట్లా పోతోందన్నదే ఇక ఆయన ధ్యాస. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా పనిచేశారు. దాదాపు మూడేళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నాక దాన్ని ముక్కముక్కగా విప్పారు. మళ్ళీ బిగించారు. ఆయన చదివిన కాలేజీ అదే.

ఆ విప్పిన బండిలో ఆయనకు ఏం కనిపించి ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా ఎం.టెక్. ప్రాజెక్టు కూడా దాని గురించే. ఆ కాలపు మోటారు సైకిళ్ళకు హ్యాండిల్ మీద చిన్న చిన్న లివర్లు ఉండేవి. ఒకటి థ్రాటిల్‌కు, ఒకటి గాలికి. ప్లగ్గులో నిప్పురవ్వ కాస్త ముందు పుట్టాలా వెనక పుట్టాలా అన్నదానికి చాలా బండ్లలో మరొకటి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, చలిలో స్టార్ట్ చేసినప్పుడు, ఇంజను చప్పుడు విని నడిపేవాడే వాటిని సర్దుకోవాలి. 1 కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, ప్లగ్గుకు మసి. తక్కువైతే బరువు మీద ఇంజను వేడెక్కి నాకింగ్ కొడుతుంది, చివరికి పిస్టన్ పోతుంది. ఈ లెక్కను నాయుడు కాగితం మీద కాదు, చెవితోనూ చేతితోనూ నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆ పని ఇ.సి.యు. అనే పెట్టె చేస్తుంది. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ 1967లో ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2000 ప్రాంతంలో కార్ల వెనక ఎం.పి.ఎఫ్.ఐ. అని రాసి ఉండేది, సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్ళు కూడా చాలావరకు ఇంజెక్షన్‌కు మారిపోయాయి.

పెట్టె ఉంది గదా అని ఇంజను తనంతట సరిగ్గా నడవదు. దానికి ముందుగా మనం చెప్పాలి: ఇంజను ఎన్ని సి.సి., ఎన్ని సిలిండర్లు, ఇంజెక్టరు నిమిషానికి ఎంత పెట్రోలు వదులుతుంది. పెట్రోలు ప్రెషర్ గేజీ పెట్టి చూసుకోవాలి. క్రాంక్ సెన్సారు చెప్పే స్థానం, టైమింగ్ లైటుకు పుల్లీ మీద కనిపించే గుర్తు ఒకటేనా అని చూడాలి. ఇది తప్పితే తరువాత చేసేదంతా వృథా. ఇక పెద్ద పని పట్టిక నింపడం. ఒక వైపు ఆర్.పి.ఎం., ఇంకో వైపు మానిఫోల్డ్‌లో ప్రెషరు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె. సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు ఏమంటోందో చూస్తూ గడి గడి దిద్దాలి. 800 ఆర్.పి.ఎం. ఐడిల్‌లో ఒక్కో సిలిండరుకు 150 మిల్లీ సెకన్లకు ఒకసారి పెట్రోలు అందాలి, ఇంజెక్టరు తెరుచుకునేది అందులో రెండు మూడు మిల్లీ సెకన్లే. చలిలో కొంచెం ఎక్కువ, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఆ క్షణానికి ఇంకొంచెం. హ్యాండిల్ మీద నాయుడు వేళ్ళు చేసిన పని ఇదే.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇప్పుడు ఎంతోమంది. విచిత్రం ఏమిటంటే అక్కడ చాలాచోట్ల ఇంజనే ఉండదు. ఇంజనులాగా సంకేతాలు ఇచ్చే మరో పెట్టె ఉంటుంది. ఏ.సి. గదిలో కూర్చుని పెట్రోలు వాసన తగలకుండా ఇంజను ట్యూన్ చేయవచ్చు. మా ఊరి షెడ్డులో చప్పుడు విని ఏ సిలిండరు మిస్సింగో చెప్పే మేస్త్రీని ఆ బిల్డింగు గేటు లోపలికి రానివ్వరు. ఆయనకు పట్టా లేదు. పట్టా ఉన్న మాలో కొందరు ప్లగ్గు కూడా విప్పి చూడలేదు.

తిరిగి నాయుడి సంగతికి వద్దాం. మెకానిక్‌గా నిలదొక్కుకున్నాక పత్తి వ్యాపారంలో సంపాదించారు, బొంబాయి వెళ్ళి అదంతా పోగొట్టుకున్నారు. కోయంబత్తూరులో వ్యాపారి స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు సంపాదించి 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. అదే యు.ఎం.ఎస్. అయింది. కొన్నేళ్ళలో దేశంలోని పెద్ద బస్సు సంస్థల్లో ఒకటిగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును తెచ్చారు. మన ఊళ్ళ బావుల మీద, బోర్లలో కోయంబత్తూరు పేరున్న మోటార్లు ఇన్ని ఎందుకున్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. గడ్డం గీసుకునే విద్యుత్ రేజరు వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటి జాబితా ఇక్కడ ఇవ్వడం లేదు.

నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించింది 1945 నాటి సంగతి. ఆ ఏడు ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. బడి ముఖం సరిగా చూడని మనిషి ఇంజినీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు! నాలుగేళ్ళ కోర్సు దండగ, రెండేళ్ళలో నేర్పవచ్చని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఇక్కడ నాకు ఆయనతో కొంత పేచీ ఉంది. చదువు లేకుండానే గొప్పవాడయ్యాడని నాయుడిని చూపించి మనలాంటి వాళ్ళకు చెప్పేవాళ్ళున్నారు. నాయుడు బడి మానేస్తే వెనక భూమి ఉంది. మనం మానేస్తే వెనక కూలి ఉంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ కాగితం లేకపోతే ఇంటర్వ్యూకు పిలుపే వచ్చేది కాదు. కాబట్టి రెండేళ్ళు చాలన్న మాట అలాగే తీసుకోలేను. కానీ వర్క్‌షాపు గంటలు పెంచాలన్న అర్థంలో తీసుకుంటే ఆయన పక్షమే. మన పాలిటెక్నిక్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ల్యాబులో పాత ఇంజను ఉంటే విప్పనివ్వమని అడగాలి. రికార్డు పుస్తకంలో బొమ్మ వేయడంతో సరిపెట్టుకోవద్దు.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. ఉత్పత్తికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. 1974 జనవరి 4న నాయుడు కన్నుమూశారు.

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టారు. ఆ రోడ్డులోనే ఆయన కుటుంబ సంస్థ 2015లో తెరిచిన కార్ల మ్యూజియం ఉంది. ఎవరైనా ఆ వైపు వెళితే పైనుంచి దూసుకుపోకుండా కింద దిగి చూడండి. అక్కడి పాత కార్లలో ఒక్క ఇ.సి.యు. కూడా లేకుండా నడిచినవే ఎక్కువ.